కాటా డబ్బాలోని శాసనము

ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగునకు పోవు దారిలో, నాపరాళ్ల లారీలు వరుసదీరి నిలుచు ఒక కాటా వద్ద, గడచిన వేసవిలో నేనొక శాసనమును చూచితిని. అది రాతిపై చెక్కినది కాదు, రాగిరేకుపై గీసినదియు కాదు. పనికిరాదని మూల పడవేసిన తూకపు డబ్బాలో, ఇరువదినాలుగు కాళ్లతో ఆకుపచ్చని పలకను కరచుకొనియున్న బూడిదరంగు పింగాణి చిప్పులో, కంటికందని విద్యుత్కణముల రూపమున అది నిలిచియుండెను. కాటాకు క్రొత్త డబ్బా వచ్చినది; తూనికల శాఖవారు దానికి ముద్ర వేసి పోయిరి; పాతది పాత సామానుల బండి కొరకు ఎదురుచూచుచుండెను. "ఎత్తకపో సారూ, ఇంగ దాంట్లో ఏముంటాది? కిలోల లెక్కన అమ్మితే టీ ఖర్చులక్కూడా రాదు" అని కాటా యజమాని నవ్వెను. ముప్పదియేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి, శాసనముల అచ్చుప్రతులు ముందు పెట్టుకొని కన్నులు పాడుచేసికొన్న నాకు ఆ ప్రశ్న క్రొత్తది కాదు. ధనంజయుని శాసనము గల కలమళ్ల గుడి ఆవరణలోని రాతిని గూర్చియు ఒకప్పుడు ఎవరో ఇట్లే అనియుందురు.

చిప్పు నడినెత్తిన చిన్న కాగితపు ముక్క అంటించియుండెను. దానిపై నీలిసిరాతో ఏదో సంఖ్య, దాని క్రింద మరి నాలుగు అక్షరాంకములు. సిరా గోధుమవన్నెకు తిరిగినది. పులివెందుల ఇంజినీరింగు కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివి, ప్రస్తుతము ఉద్యోగపు వేటలో మా యింటనే యున్న మేనల్లుడు ఆ కాగితమును గోటితో ఒక అంచున లేపి, మరుక్షణమే అదిమివేసెను. "ఎండలో తెరవగూడదు మామా, రాసిందంతా చెరిగిపోతాది" అనెను. ఇంటికి వచ్చి, కిటికీ తలుపులు మూసి, కాగితమును మెల్లగా ఒలిచి చూపగా, దాని క్రింద గుండ్రని స్ఫటికపు గవాక్షము; అందులో గోటికొనయంత సిలికాను పలుకు; దాని అంచుల నుండి వెండ్రుక కంటె సన్నని తీగెలు. అక్షరము ఒక్కటియు లేదు. కాని ఆ పలుకులో నాలుగువేల తొంబదియారు బైట్లు వ్రాయబడియున్నవని అతడు చెప్పెను.

ఈ జాతి చిప్పును ఈప్రామ్ అందురు. 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ అను ఇంజినీరు దీనిని రూపొందించెను. దీని మర్మము చెప్పిన సులువే. ఒక్కొక్క బిట్టునకు ఒక్కొక్క బుల్లి గది. గది చుట్టును విద్యుత్తును పోనీయని గోడ. ఎక్కువ వోల్టుతో నెట్టిన కణములు గోడ దాటి లోపల పడును. వోల్టు తీసివేసిన పిమ్మట వెనుకకు రాలేవు. కణములు చిక్కిన గది సున్న యనియు, వట్టి గది ఒకటి యనియు చదువబడును. వ్రాసిన దానిని తుడువవలెనన్న గవాక్షము గుండ అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేయవలెను. ఆ కిరణముల బలమును గ్రహించి కణములు గోడ దాటి పోవును. నేరుగా ఎండ తగిలిన సుమారు వారము దినములకును, గదిలోని ట్యూబులైటు వెలుతురునకు సుమారు మూడేండ్లకును చెరిగిపోవునని తయారుచేసినవారే తమ పత్రములలో వ్రాసిరి. అందుకే ఆ కాగితపు ముక్క. చీకటిలోనున్నను పదేండ్లకు మించి వారు గట్టిగా హామీ ఇచ్చినది తక్కువ. మా చేతిలోని చిప్పు వయస్సు ముప్పదియైదేండ్లకు తక్కువ యుండదు. తాళపత్రమునకు పురుగు, రాతికి గాలివాన, దీనికి వెలుతురు.

కొన్ని వేల రూపాయలకు దొరకు చిప్పు రీడరులో దానిని అమర్చి మేనల్లుడు మూడు మారులు చదివించెను. మూడు ప్రతులును మూడు విధములుగా వచ్చెను. అక్కడక్కడ ఒక్కొక్క బైటు మారుచుండెను. అతని ముఖము చిన్నబోయినది. నాకు మాత్రము లోలోపల సంతోషము కలిగెను. ఏలననగా అవి పాఠాంతరములు, పాఠాంతరములతో వ్యవహరించు విద్య ఈ జిల్లాకు రెండువందల యేండ్ల పరిచయము గలది. 1820లో కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను, తరువాతి కాలమున ఇక్కడనే బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులను నిలిపి, వేమన పద్యముల వ్రాతప్రతులను ఊరూర నుండి తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్పించి, 1829లో అచ్చు వేయించిన సంగతి చదువరులెరిగినదే. ఒక ప్రతిని నమ్మరాదు. పది ప్రతులను గ్రుడ్డిగా లెక్కించి ఎక్కువ ఓట్లు వచ్చిన పాఠమును నమ్మరాదు. ఏ లేఖకుడు ఏ విధమున పొరబడునో ముందు తెలిసికొనవలెను. ఈ చిప్పు లేఖకునకు ఒక గుణము కలదు. అతడు ఒకే దిక్కున పొరబడును. కాలము గడచిన కొలది కణములు జారిపోవును గాని క్రొత్తగా వచ్చి చేరవు; కనుక సున్న ఒకటిగా మారవచ్చునేగాని ఒకటి సున్న కాజాలదు. మన పల్లెటూరి వ్రాయసగాండ్ర పొరబాట్లకు ఇంతటి నియమము ఉండియుండిన బ్రౌను పండితుల శ్రమ సగము తగ్గెడిది.

ఈ మాట చెప్పగనే మేనల్లునికి దారి దొరకినది. చిప్పునకిచ్చు 5 వోల్టులను 4.5కును, అటుపిమ్మట 4.2కును తగ్గించి చదివించెను. కణములు పలుచబడిన గది పూర్ణబలముతో అడిగినప్పుడు ఒకటి యని తడబడును. మెల్లగా అడిగిన సున్న యనియే నిజము చెప్పును. ప్రతుల మధ్య భేదములు ముప్పది నుండి పదకొండునకును, పదకొండు నుండి రెండునకును దిగెను. ఆ రెండు మాత్రము ఎంత బ్రతిమాలినను తేలలేదు. వాని మాట తరువాత చెప్పెదను.

పాఠము చేతికి వచ్చెను గాని అది ఏ భాష? చిప్పులోని ఆదేశములు ఏ ప్రాసెసరు కొరకు వ్రాయబడినవో తెలియక అర్థము రాదు. ప్రాసెసరు నెత్తిమీది పేరును, ఇతరులు నకలు తీయకుండుటకు గాబోలు, చేసినవారే గీకివేసిరి. నలువది కాళ్ల చిప్పు అని మాత్రము తెలియుచున్నది. ఆ కాలమున అట్టివి ప్రధానముగా రెండు మన దేశమున వాడుకలోనుండెను: ఇంటెల్ వారి 8085, జైలాగ్ వారి జెడ్80. రెండవది మొదటిదాని పూర్వజమైన 8080 భాషను తనలో ఇముడ్చుకొని, పైన తన మాటలు చేర్చుకొన్నది. కావున రెండింటికిని చాల భాగము ఉమ్మడి లిపి, ఉమ్మడి పదములు. పిలుపునకు సీడీ, తిరుగు రాకకు సీ9, ఎగురుటకు సీ3 అను హెక్స్ సంకేతములు రెండింటను ఒక్కటే. కాని 20 అను సంకేతము చూడుడు: 8085లో అది అంతరాయముల ముసుగును చదువుమను ఆజ్ఞ; జెడ్80లో అది, ఫలితము సున్న కానిచో ఇన్ని అడుగులు ముందునకో వెనుకకో దూకుమను ఆజ్ఞ. ఒకే అక్షరము, రెండు భాషలు. కలమళ్ల వంటి రేనాటి శాసనములను చదువువారికిది క్రొత్త కాదు. ఆ కాలపు లిపి తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి. అక్షరమును గుర్తించినంతనే భాష తేలదు, పదముల విభక్తులను చూచి తేల్చవలెను.

ఇంకొక సామ్యము నన్ను మరింత ఆశ్చర్యపరచెను. ప్రాసెసరు ఆదేశములలో కొన్ని ఒక బైటువి, కొన్ని రెండు, మూడు, నాలుగు బైట్లవి. వాని నడుమ ఖాళీ లేదు, విరామచిహ్నము లేదు. ఒక బైటు ఇవతల మొదలుపెట్టి చదివిన ఒక అర్థము, అవతల మొదలుపెట్టిన మరియొకటి, చాలవరకు అనర్థము. పదముల మధ్య ఎడము లేక గొలుసుకట్టుగా సాగు శాసనపాఠమున, తాళపత్రమున, పదచ్ఛేదము తప్పినవాడు పడు పాట్లు ఎట్టివో ఇవియు అట్టివే. మేనల్లుడు మొదట 8085 అని తలచి కంప్యూటరుచేత విడగొట్టింపగా వాక్యములు వాక్యములుగా కనబడుచునే అర్థము లేక పోయెను. సంఖ్యను పోల్చిన వెంటనే, ఆ పోలికతో ఏ పనియు చేయక, అంతరాయముల ముసుగు చదువుచున్నాడు! పోలిక చేసి ఫలితము చూడని వ్రాతగాడెవడు? 20 తరువాతి బైటును దూకుడు దూరముగా గ్రహింపగనే అంతయు చక్కబడెను. మల్టీమీటరు పట్టి చూడగా 11వ కాలికి 5 వోల్టులు, 29వ కాలు నేలకు. అవి జెడ్80 కాళ్లే. మా పండితుల పరిభాషలో అంతర్గత సాక్ష్యమునకు బాహ్య సాక్ష్యము తోడైనది.

ఇక ఆ పాఠములో మాకు తొలుదొలుత చేయూతనిచ్చిన దేమనగా, పది బైట్ల వరుస యొకటి: 3ఎఫ్, 06, 5బీ, 4ఎఫ్, 66, 6డీ, 7డీ, 07, 7ఎఫ్, 6ఎఫ్. చూచుటకు అడ్డదిడ్డముగా నున్న ఈ పదింటిని చూచి మేనల్లుడు కుర్చీలో నుండి లేచినంత పని చేసెను. ఇవి ఏడు గీతల ఎర్రదీపములపై సున్న నుండి తొమ్మిది వరకు అంకెలను వెలిగించు నమూనాలు. మైక్రోప్రాసెసరు ప్రయోగశాలలో కూర్చున్న ప్రతి విద్యార్థికిని కంఠస్థము కాకున్నను కంటస్థము. శాసనమున ఎక్కడనో అరిగిన పంక్తుల నడుమ "స్వస్తిశ్రీ" కనబడిన పరిశోధకునికి ఎట్లుండునో మాకు అట్లుండెను. ఆ పట్టికను ఎవరు పిలుచుచున్నారో వెదకితిమి. పిలుచువాని నుండి అంకెలు ఎక్కడనుండి వచ్చుచున్నవో వెదకితిమి. తోక పట్టుకొని ఏనుగు దగ్గరకు చేరినట్లు, తొమ్మిది రాత్రులలో తూకపు మూలమునకు చేరితిమి. దారిలో ముద్రణయంత్రమునకు పంపు ఆంగ్లపదములు మూడు తగిలినవి: మొత్తము బరువు, ఖాళీ లారీ బరువు, నికర సరుకు బరువు అను వానికి కాటావారు నిత్యము వాడు గ్రాస్, టేర్, నెట్. పలకపై లారీ నిలకడగా నిలువనిచో తూకమును చూపకుండ ఆపు భాగమొకటి, గాలికో దుమ్మునకో కదలిన సున్నను మరల సున్నకు తెచ్చు భాగమొకటి, చక్కగా, పొదుపుగా, ఒక్క బైటు వృథా పోనీయక వ్రాయబడియున్నవి.

ఒక్క బైటు అంటిని, సరి కాదు. చివర నలువది బైట్లు ఏ దారి నుండియు చేరరానివి కలవు. అవి వెనుక వ్రాసి, తరువాత వలదనుకొని, తుడువక వదలిన ఒక గుణకార పద్ధతి. దానికంటె మంచి పద్ధతి ముందు పుటలలో కనబడుచున్నది. పేరు తెలియని ఆ వ్రాతగాడు ఎక్కడ తొలుత తడబడి ఎక్కడ తెలివి తెచ్చుకొన్నాడో మాకు రెండు తలముల ఎడమున కనబడెను. అచ్చుపుస్తకము ఇది చూపదు, చిత్తుప్రతి చూపును.

ఇట్టి పనివలన ప్రయోజనమేమని అడుగువారికి నేను ప్రయోజనముల పట్టిక ఇయ్యను. ఒక సంగతి మాత్రము చెప్పెదను. స్వతంత్ర భారతమున యంత్రములకు బుద్ధి నేర్పిన తొలి తరపు వ్రాతలు పుస్తకములలో లేవు. ఇట్టి చిప్పులలో కలవు. 1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఇ.సి.ఐ.ఎల్. వెలసి, 1969లో టీడీసీ-12 కంప్యూటరును వెలువరించినది. 1984లో కేంద్రప్రభుత్వము పాఠశాలలకు కంప్యూటరు విద్యను తెచ్చు క్లాస్ పథకమునకు బ్రిటను బీబీసీ మైక్రో యంత్రములను ఎన్నుకొనగా, వానిని యూనికార్న్ అను పేర మన సెమీకండక్టరు కాంప్లెక్సు వారు తయారుచేసిరి. 1989లో ఆ సంస్థ చిప్పుల కర్మాగారము అగ్నికి ఆహుతియైనది. అటువంటి యంత్రముల వ్రాత చిప్పులలోనే దాగియుండును. పలక పోయిన చిప్పు పోవును, చిప్పు పోయిన వ్రాత పోవును. మన పాలిటెక్నిక్కులలో, ఇంజినీరింగు కళాశాలలలో నేటికిని బీరువాలలోనున్న 8085 కిట్టులను చూడుడు: విద్యార్థి 3ఈ, 06, 80, 76 అని మీటలు నొక్కి రెండు సంఖ్యలు కూడి మార్కులు తీసికొని పోవును, తాను నొక్కిన మీటను చదివి, తెరపై అంకెను వెలిగించు మానిటరు ప్రోగ్రాము తన ముక్కు క్రింది చిప్పులోనే యున్నదని, దానిని చదువవచ్చునని అతనికి చెప్పువారు తక్కువ. సంధిసూత్రములు వల్లెవేయించి పద్యము చూపనట్లున్నది.

న్యాయశాస్త్రము దీనికి అడ్డు రాదా యని కొందరు మిత్రులు భయపడిరి. అడ్డు రాకపోగా దారి చూపుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లోను 1999లోను జరిగిన సవరణలచేత, ప్రోగ్రాము నకలును న్యాయముగా పొందినవాడు, అది నశింపకుండుటకు ప్రతి తీసికొనుట, దాని పనితీరును గమనించి పరీక్షించి అందలి భావములను సూత్రములను గ్రహించుట, వేరొక ప్రోగ్రాముతో కలిపి నడుపుటకు కావలసిన, మరియొక విధమున సులభముగా దొరకని సమాచారమును రాబట్టుకొనుట ఉల్లంఘనలు కావని 52వ సెక్షను స్పష్టముగా పలుకుచున్నది. చిప్పు రేఖాచిత్రములను గూర్చిన 2000 నాటి చట్టము సైతము పరిశోధనకును బోధనకును చేయు అధ్యయనమును మినహాయించినది. అడ్డు చట్టములో లేదు; చట్టమునకును సిలికానునకును వయస్సు కుదరకపోవుటలో నున్నది. ప్రోగ్రామును చట్టము సాహిత్యకృతిగా నెంచును. హక్కు కర్త మరణించిన పిమ్మట 60 ఏండ్లు నిలుచును. చిప్పులోని అక్షరము కర్త ఉండగనే చచ్చును. హక్కు మిగిలి వ్రాత మిగులని స్థితి ఇది. కావలి వాడున్నాడు, లోపల పంట లేదు.

పుస్తకమునకట్లు కాదు. 1954 నాటి చట్టము ప్రకారము ప్రచురణకర్త తన పుస్తకము ప్రతులను కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును పంపవలెను. 1956లో దినపత్రికలు సైతము చేర్చబడినవి. ఈ వ్యాసము అచ్చైన కాగితమునకు గల ఆదరణ, వేలాది లారీల తూకమును నిర్ణయించిన ఆ నాలుగువేల బైట్లకు లేదు. సరికదా, 2022లో వెలువడి 2023 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు పాత పలకలను పునశ్చక్రీకరణకు పంపుమని నిర్దేశించుచున్నవి. మంచిదే, విషలోహములు చెరువులలో కలియరాదు. కాని నలుగగొట్టుటకు ముందు చదువుడని ఆజ్ఞ ఎక్కడను లేదు. ఒక్క నిబంధన చేర్చవచ్చును: ప్రభుత్వసంస్థ ఏదైనను నియంత్రణయంత్రమును పారవేయుటకు ముందు అందలి స్మృతిచిప్పులను చదివించి, ప్రతిని ఒక గ్రంథాలయమున జమచేయవలెనని. దీనికి వలసిన ఖర్చు పలకను మోసికొనిపోవు ఆటో బాడుగకంటె మించదు.

చదువుటకును దిద్దుటకును గల భేదమును ఇక్కడ గట్టిగా చెప్పవలెను. వాడుకలోనున్న కాటాను విప్పి, ముద్ర త్రెంచి, లోపల వేలు పెట్టుట నేరము, పాపము కూడ. కాటాలో మోసము జరిగిన మొదట ఏడ్చువాడు రైతు. మేము విప్పినది ముద్ర తొలగించి విడిచిన డబ్బా. ఈ భేదము మరచిన భయములే హెచ్చు. 2010లో హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్ అను ఇంజినీరు, మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్మన్, నెదర్లాండ్సుకు చెందిన రాప్ గోన్‌గ్రైప్ కలిసి ఓటింగు యంత్రమును విప్పి పరిశీలించి లోపములున్నవని ప్రకటించిరి. ఎన్నికల సంఘము ఆ నిర్ధారణలను అంగీకరింపలేదు. యంత్రము వారి చేతికి ఎట్లు వచ్చెనను విషయమై ఆ ఆగస్టులో హరిప్రసాద్ అరెస్టయ్యెను. ఆ వివాదమున ఎవరిది న్యాయమో నిర్ణయించుట నా పని కాదు. నడుచుచున్న యంత్రమునకు చెందిన ఆ రభస వలన, చచ్చిన యంత్రమును చదువుటయు దోషమే యని మన కళాశాలలు తలచిన, అది దయ్యమునకు భయపడి శ్మశానవాటికలోని శిలాఫలకమును చదువకుండుట వంటిది.

కలమళ్లను మొదట స్మరించితిని; మరల అచటికి పోవుదును. క్రీస్తుశకము 575 ప్రాంతమునకు చెందినదని పండితులు నిర్ణయించిన, తెలుగు చోళుడైన ధనంజయుని శాసనము అక్కడిది; ఎర్రగుడిపాడు శాసనము సైతము ఆ కాలముదే. నీలకంఠశాస్త్రి, వేంకటరామయ్యగారలు ఈ తెలుగు చోళుల శాసనములను ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటమున ప్రకటించిరి. ఆ శాసనముల కాలపు లిపిలో నేటి తెలుగున లేని ఒక అక్షరము గలదు. తమిళమున ఆ ధ్వని నేటికిని వినబడుచున్నది. మన నోట అది చాల పదములలో డకారమైనది, తమిళుల ఏఴు మనకు ఏడైనట్లు. పదునాలుగు వందల యేండ్లు రాతిలో నున్న ఆ అక్షరమునకు 2014లో, యూనికోడ్ ఏడవ కూర్పులో, 0సీ34 అను సంకేతము లభించినది. అనగా కలమళ్ల రాతికిని కంప్యూటరు చిప్పునకును బంధుత్వమును నేను కల్పించినది కాదు. విచిత్రమేమనగా, 1994లో తొలి యూనిట్టు నడిచిన రాయలసీమ తాపవిద్యుత్కేంద్రపు గొట్టములు అదే కలమళ్ల పొలిమేరలో పొగ విడుచుచున్నవి. అటువంటి కేంద్రములలో ఒక తరము నియంత్రణ పలకలు పోయి మరియొక తరము వచ్చుచునే యుండును. ధనంజయుని రాతికి అచ్చుపడిన ప్రతి కలదు, పలకలకు లేదు.

ఈ విద్య అమెరికాలోనే సాధ్యమని తలచువారికి ఒక మాట. చంద్రునికి మనుష్యులను చేర్చిన అపోలో నౌకల కంప్యూటరులో ముప్పదియారువేల పైచిలుకు పదముల స్థిరస్మృతి వ్రాతగాండ్రు వ్రాసినదే గాని, దానిని చేసినది నేత తెలిసిన స్త్రీలు. బుల్లి అయస్కాంతపు వలయము లోపలినుండి తీగె పోయిన ఒకటి, ప్రక్కనుండి పోయిన సున్న. 2018, 2019లలో కొందరు ఔత్సాహికులు ఆ జాతి యంత్రమొకదానిని సంపాదించి మరల నడిపించిరి. ప్రొద్దుటూరు మగ్గముపై జకార్డు అట్టను అమర్చు నేతగానికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు: అట్టలో రంధ్రమున్న దారము లేచును, లేకున్న లేవదు. పాత చీరను ముందు పరచుకొని, గళ్ల కాగితముపై బుటాను దారము దారముగా లెక్కించి ఎక్కించి, అట్టలు గ్రుద్దించువాడు చేయునది మేమా తొమ్మిది రాత్రులు చేసినదే. వానిని ఇంజినీరని ఎవరును పిలువరు.

ప్రొద్దుటూరు పేరు వచ్చినది గనుక మరియొక చిన్న ముచ్చట. దుర్భాక రాజశేఖర శతావధానిగారు, గడియారం వేంకటశేషశాస్త్రిగారు నడచిన ఈ ఊరిలో ధారణశక్తి సభలోనే పరీక్షకు నిలుచునది. పృచ్ఛకులెన్ని అడ్డంకులు పెట్టినను, అవధాని చివర పద్యములన్నిటిని అక్షరము పొల్లుపోక ఒప్పజెప్పినప్పుడే చప్పట్లు. ధారణ కడపట పరీక్షింపబడును. చిప్పుల ధారణను పరీక్షించుటకు మనము ఇంతవరకు సభ పెట్టలేదు.

పెట్టవలసిన చోటులున్నవి. 2006లో పులివెందులలో వెలసిన జె.ఎన్.టి.యు. కళాశాల, ఇడుపులపాయలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణము, ప్రొద్దుటూరులోని యోగివేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగు కళాశాల, ఒక్కొక్క గది, ఒక్కొక్క రీడరు, చీకటి పెట్టె యొకటి. చివరి సంవత్సరమున నగరమునకు పోయి తయారైన ప్రాజెక్టును డబ్బిచ్చి కొని తెచ్చి, గురువునకు చూపి, మరునాడే మరచు పిల్లవానికి, తన ఊరి కాటానో, పత్తి జిన్నింగు మిల్లులోని పలకనో, నాపరాళ్ల పాలిషు యంత్రపు డబ్బానో తెచ్చి, ఇందులో ఏమున్నదో చెప్పుమనిన, వానికి నెల రోజుల నిద్ర పోవును గాని జీవితకాలపు విద్య అబ్బును. తెలుగు శాఖవారు ఆ గదిలోనికి పోరాదని నియమము లేదు. పాఠపరిష్కరణము తెలిసినవాడొకడు ప్రక్కన కూర్చున్న ఎంత ఉపకారమో మా యింట ప్రత్యక్షమైనది, మేనల్లునికి 4.2 వోల్టులు తట్టుటకు బ్రౌను కారణము.

ఇక ఆ రెండు బైట్లు. చిప్పుమీది కాగితముపై నీలిసిరాతో వ్రాసిన నాలుగు అక్షరాంకములు లోపలి బైట్లన్నిటి కూడిక యని తరువాత తెలిసినది; వ్రాతలో తప్పు దొరలిన పట్టుకొనుటకు ఆ కాలపువారు అట్లు వ్రాసికొనెడివారు. ఒక్క బైటే సందేహమైనచో కూడికలోనుండి తక్కినవి తీసివేసి దానిని తేల్చియుందుము. రెండైనను వేరువేరు బిట్లయిన తేలియుండును. కాని రెండింటను ఊగులాడునది ఒకే స్థానమందలి బిట్టు. కూడిక ప్రకారము ఆ రెండింటిలో ఒకటి సున్న, రెండవది ఒకటి. ఏది సున్నయో ఏది ఒకటియో కూడిక చెప్పదు. ఆ రెండును తూకపు గుణకముల పట్టికలో ప్రక్క ప్రక్కన ఉన్నవి. సందర్భము కూడ సాయపడలేదు. "ఏదో ఒకటి పెట్టేద్దామా మామా? ఎవరు చూడొచ్చినారు?" అని మేనల్లుడడిగెను. వలదంటిని. శాసనప్రతులలో అరిగిన అక్షరముల చోట చేయునట్లు, ఆ రెండు స్థానములలో చుక్కలు పెట్టి, క్రింద ఆ కూడికను వ్రాసి, చిప్పును నల్లకాగితములో చుట్టి బీరువాలో పెట్టితిమి.